కారు ఆకారంలో ఎవరి ప్రాణం ఉంది?

(రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో ఉన్నవాళ్లకి తెర మీద బొమ్మ కనిపిస్తోందా? కనిపించకపోతే ముందుకి వచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ బొమ్మలు చూడకుండా నా మాటలు మాత్రమే వింటే సగమే అర్థమవుతుంది.

నేను చాలా ఏళ్లు కార్ల బాడీ డిజైన్ పని చేశాను. ఎక్కడికెళ్లినా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "ఏమండీ, ఈ రోజుల్లో కార్లన్నీ ఒకేలా ఎందుకుంటున్నాయి? పాత కార్లు ఎంత అందంగా ఉండేవి! ఇదంతా సేఫ్టీ రూల్స్ వల్లేనట కదా?" అడిగినవాళ్లే జవాబు కూడా చెప్పేస్తారు. ఆ జవాబులో కొంత నిజం ఉంది. కాకపోతే ఆ కొంత దగ్గరే ఆగిపోతే అసలు విషయం జారిపోతుంది. నిబంధన ఒకటే ఉన్నా దానికి కార్లు రెండు రకాలుగా జవాబిచ్చాయి, అది చూపిస్తాను. ఇంకో సంగతి కూడా ఉంది, నాకు చాలా ముఖ్యమైనది. ఏ కారునైనా పరీక్షగా చూడండి, దాన్ని చేసిన కాలంలో రూల్స్ రాసినవాళ్లు ఎవరి ప్రాణం గురించి ఆలోచించారో, ఎవర్ని మర్చిపోయారో ఆ రేకు మీదే కనిపిస్తుంది.

ముందు హెడ్‌లైట్ల దగ్గర మొదలుపెడదాం. కారుకి కళ్లు అవే కదా.

అమెరికాలో 1940 నుంచి ఒక పద్ధతి వచ్చింది. ప్రతి కారుకీ 7 అంగుళాల గుండ్రటి లైట్లు రెండు, గాలి చొరబడకుండా మూసేసిన ఒకే ముక్క, అన్ని కంపెనీలకీ ఒకటే సైజు. ఎందుకలా పెట్టారు? అప్పట్లో లైటు లోపలికి తేమ, దుమ్ము వెళ్లి అద్దం మసకబారిపోయేది, రాత్రి దారి కనిపించేది కాదు. పైగా బల్బు పోతే ఒక్కో కారుకి ఒక్కో రకం వెతుక్కోవాలి. కాబట్టి ఉద్దేశం మంచిదే, ఆ కాలానికి పనికొచ్చింది కూడా. కానీ చూడండి, ఆ నిబంధన "ఇంత వెలుగు ఉండాలి" అని ఊరుకోలేదు, "ఈ ఆకారమే ఉండాలి" అంది. 1950ల చివర్లో నాలుగు చిన్న లైట్లు పెట్టుకోవచ్చన్నారు, 1970ల మధ్యలో చదరపువి పెట్టుకోవచ్చన్నారు, అంతే. సొంత ఆకారంలో లైటు చేసుకోవడానికి అనుమతి 1983లో గానీ రాలేదు. 1984 మోడల్ లింకన్ మార్క్ 7 అలా వచ్చిన మొదటి అమెరికన్ కారు. నలభై ఏళ్లకు పైగా! ఒక మనిషి ఉద్యోగంలో చేరి రిటైరయ్యేంత కాలం, డిజైనర్లు అవే కళ్లు పెట్టి కొత్త ముఖాలు గీశారు.

ఈలోగా యూరప్‌లో ఏమవుతోంది? 1967లో సిట్రోయెన్ డీఎస్ అనే ఫ్రెంచ్ కారుకి గాజు కప్పు వెనక లైట్లు పెట్టారు, వాటిలో ఒక జత స్టీరింగ్‌తో పాటు తిరుగుతుంది, మలుపులో దారి చూపిస్తుంది. ఇదిగో ఈ బొమ్మ. ఎంత చక్కగా ఉందో చూడండి! రాత్రి మలుపులో నిజంగా ప్రాణం కాపాడే ఏర్పాటు అది. అమెరికా వెళ్లేసరికి అది చెల్లదు. గాజు తీసేసి మామూలు లైట్లు పెట్టి అమ్మారు. జాగ్వార్ ఈ-టైప్‌కి కూడా అదే గతి, 1967 చివర్లో లైట్ల మీద ఉండే ఆ నునుపైన గాజు మూతలు పోయాయి. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టాను. ఎడమ వైపున్నది మూతలతో, కుడి వైపున్నది మూతలు లేకుండా. తేడా మీకే తెలుస్తోంది కదా? ఆకారాన్ని శాసించే నిబంధన మెరుగైన ఆలోచనకి కూడా అడ్డం పడుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇక్కడ మీలో చాలామందికి ఇష్టమైన సంగతి వస్తుంది. పైకి లేచే హెడ్‌లైట్లు. స్విచ్ నొక్కితే కళ్లు తెరిచినట్టు లేస్తాయి కదా, అవి. వాటిని చట్టం నిషేధించిందని అందరూ అంటారు. అలా నిషేధించలేదండీ. అసలు అవి అంతగా వ్యాపించడంలోనే రూల్స్ చేయి ఉంది. ముక్కు పల్చగా కిందికి ఉండాలి, గాలికి అడ్డం పడకూడదు, కానీ లైటు మాత్రం నేల నుంచి ఇంత ఎత్తు తగ్గకూడదు, పైగా అమెరికాలో అయితే ఆ నిర్ణీత సైజు లైటే ఉండాలి. ఇవన్నీ కలిపితే మిగిలే దారి ఏమిటి? పగలు దాచెయ్, రాత్రి లేపు. తర్వాత ఏమైంది? కావలసిన ఆకారంలో లైట్లు చేసుకోనిచ్చారు, లైట్లు చిన్నవైపోయాయి, దాచాల్సిన పని తగ్గిపోయింది. దానికి తోడు పాదచారుల భద్రత పరీక్షలు వచ్చాయి, పైకి పొడుచుకొచ్చిన గట్టి పెట్టె తగిలితే మనిషి గతేమిటన్న ప్రశ్న వచ్చింది. 2004లో కార్వెట్ సీ5, లోటస్ ఎస్ప్రీ కార్ల తయారీ ఆగిపోవడంతో ఆ కథ దాదాపు అయిపోయింది. నాకూ అవంటే చాలా ఇష్టం. ఆ లైట్లున్న కారు రోడ్డు మీద కనిపిస్తే ఇప్పటికీ ఆగి చూస్తాను.

సరే, బంపర్లు. ఒక నిబంధనకి రెండు జవాబులన్నానే, అది ఇక్కడే.

1973 మోడళ్ల నుంచి అమెరికాలో ఒక రూల్ పెట్టారు. గంటకి 5 మైళ్లు, అంటే 8 కిలోమీటర్ల వేగంతో గోడకి ముందు భాగం తగిలినా లైట్లు, ఇంధన వ్యవస్థ లాంటివి దెబ్బతినకూడదు. ఆ తర్వాతి ఏడాది వెనక బంపర్‌కి కూడా అదే వేగం పెట్టారు. 1982లో దాన్ని సగానికి తగ్గించారనుకోండి, కానీ ఆ దశాబ్దంలో జరగాల్సింది జరిగిపోయింది.

ఎంజీబీ అని ఒక చిన్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉండేది. మెరిసే సన్నటి క్రోమ్ బంపర్లు, నేలకి దగ్గరగా, ముద్దుగా ఉండేది. 1974లో దాని ముక్కుకీ తోకకీ పెద్ద పెద్ద నల్ల రబ్బరు దిమ్మలు తగిలించారు. అంతటితో ఆగలేదు, ఎత్తు నిబంధనలకి సరిపోవాలి గనక కారు మొత్తాన్ని పైకి లేపారు. చూడ్డానికి వికారం, నడపడానికి కూడా మునుపటి బిగువు పోయింది, మలుపులో ఒరిగేది. అదే సమయంలో పోర్షే వాళ్లు 911కి ఏం చేశారో చూడండి. అదే రూల్, అదే ఏడాది. బాడీ రంగులోనే అల్యూమినియం బంపర్, దానికీ బాడీకీ మధ్య ఖాళీ కనిపించకుండా రెండు మూలలా హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా రబ్బరు. దెబ్బ తగిలితే బంపర్ లోపలికి వెళ్తుంది, తిత్తి ముడుచుకుంటుంది. చూసినవాళ్లకి అది అతికించినట్టు ఉండదు, కారుతో పాటే పుట్టినట్టు ఉంటుంది. 1989 దాకా అదే ఉంచారు, ఈ రోజుకీ ఆ తిత్తుల బంపర్ కారునే కోరి కొనుక్కునేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు చెప్పండి, ఎంజీబీని పాడుచేసింది రూలా? ఆ కంపెనీకి అప్పుడు డబ్బు లేదు, కొత్త కారు చేసే స్తోమత లేదు, ఉన్నదానికే దిమ్మ తగిలించాల్సి వచ్చింది. వాళ్లని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. నిబంధన గీత గీయదు, అంకె ఇస్తుంది. ఆ అంకెకి గీత గీయాల్సింది మనం. దానికి టైమూ డబ్బూ ఓపికా ఉన్నచోట ఒకలా వస్తుంది, లేనిచోట ఇంకోలా వస్తుంది.

ఇంకో చిత్రమైన సంగతి చెప్పి ముందుకెళ్తాను. పుట్టని నిబంధన కూడా కార్లని మార్చింది. 1960ల్లో, 70ల్లో పైకప్పు లేని కార్లు, అంటే కన్వర్టిబుల్స్, అమెరికాలో నిషేధిస్తారని అందరూ అనుకున్నారు. కారు బోల్తాపడితే తలకి ఏ అడ్డూ ఉండదు కదా, ఆ భయం సరైనదే. పోర్షే వాళ్లు 1965లోనే టార్గా అనే రకం చూపించారు, తల వెనక వెడల్పాటి స్టీలు పట్టీ నిలబెట్టి, ముందు భాగం మాత్రం విప్పుకునేలా. కాడిలాక్ వాళ్లు 1976 ఎల్డొరాడోని చివరి అమెరికన్ కన్వర్టిబుల్ అని చెప్పి అమ్మారు, జనం ఎగబడి కొన్నారు. తీరా ఆ నిషేధం రానే లేదు! కొన్నేళ్లకి కన్వర్టిబుల్స్ మళ్లీ వచ్చేశాయి. కానీ ఆ స్టీలు పట్టీ మాత్రం ఉండిపోయింది, అదొక అందమైపోయింది. పాత కార్ల వెనక రెక్కల్లా లేచిన ఫిన్స్ ఉండేవి కదా, వాటిది సరిగ్గా దీనికి తలకిందులు. వాటిని చట్టం తీసేసిందంటారు, కానీ 1959లో ఆకాశానికి లేచిన ఆ రెక్కలు 1966లో అమెరికాలో వాహన భద్రత చట్టం వచ్చేనాటికే ఫ్యాషన్ పోయి కుంచించుకుపోయాయి. ప్రతి మార్పునీ చట్టం ఖాతాలో వేయకూడదు.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఇది చెప్పకుండా నేను ఇవాళ ఇక్కడికి వచ్చి లాభం లేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న కారు బానెట్ మీద పనిచేస్తున్నాం. క్లే మోడల్ అంటే తెలుసు కదా, అసలు సైజు కారుని ఒకరకం మట్టితో చేసి, చేత్తో గీకుతూ నునుపు చేస్తూ ఆకారం తెస్తాం. వారాల తరబడి ఆ బానెట్ మీద పడ్డాం, వెలుగు దాని మీద జారుతుంటే నీళ్లలా ఉండేది. ఒక రోజు భద్రత విభాగం ఇంజనీర్ వచ్చాడు, జేబులోంచి స్టీలు స్కేలు తీశాడు, మట్టి మీద నిలబెట్టి వేలు పెట్టి చూపించాడు. "ఇంత పైకి లేవాలి" అన్నాడు. ఎందుకన్నాను. కింద ఇంజన్ ఉంది, బానెట్‌కీ దానికీ మధ్య ఖాళీ చాలదన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అతనితో ఏదో అన్నాను కూడా, ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. అతను కోపం తెచ్చుకోలేదు. రేపు ల్యాబ్‌కి రండి అన్నాడు.

వెళ్లాను. అక్కడ రెండు గుండ్లు ఉన్నాయి, మనిషి తలకి బదులుగా వాడేవి, లోపల కుదుపుని కొలిచే పరికరం ఉంటుంది. ఒకటి 4.5 కిలోలు, పెద్దవాళ్ల తల. ఇంకోటి 3.5 కిలోలు. అది పిల్లల తల. కారు ముక్కు మీద టేపు పట్టుకుని నేల నుంచి పైకి కొలుచుకుంటూ వస్తారు. 1 మీటరు నుంచి 1.7 మీటర్ల దాకా పిల్లల తల తగిలే చోటు, అక్కణ్నుంచి 2.1 మీటర్ల దాకా పెద్దవాళ్లది. బానెట్ మీద సుద్దతో గడులు గీసి, ఒక్కో గడిలోకి ఆ గుండుని విసురుతారు. మొదట ఖాళీ ఉన్నచోట వేశారు, రేకు మెత్తగా సొట్టపోయింది, "దబ్" అని. తర్వాత కింద ఇంజన్ ఉన్నచోట వేశారు. ఆ చప్పుడు వేరు. అది రేకు చప్పుడు కాదు. నేను అక్కడే నిలబడిపోయాను. ఆ చిన్న గుండు తగిలింది సరిగ్గా నేను అంత అందంగా ఉందనుకున్న చోట.

తర్వాతి వారం ఆ బానెట్‌ని పైకి లేపాను. ఎవరూ నాకు మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు మీకు కనిపించే కార్ల ముక్కులు ఎత్తుగా, మొద్దుగా ఎందుకున్నాయంటే ఒక ముఖ్యమైన కారణం అది. యూరప్‌లో పాదచారుల కోసం చట్టబద్ధమైన పరీక్షలు 2005 అక్టోబరు నుంచి కొత్త మోడళ్లకి మొదలయ్యాయి. దానికి ముందే 1997 నుంచి యూరో ఎన్‌క్యాప్ అనే సంస్థ వాళ్లు ఈ పరీక్ష చేసి మార్కులు వేస్తున్నారు. అది చట్టం కాదు, కానీ స్టార్లు తక్కువొస్తే కొనేవాళ్లు వెనకాడతారు గనక కంపెనీలు చట్టం కంటే దానికే ఎక్కువ భయపడతాయి. బానెట్ మీద నిలబడే బొమ్మలు కూడా ఇందుకే పోయాయి, లేకపోతే మారాయి. మెర్సిడెస్ నక్షత్రం తగిలితే వెనక్కి వాలిపోతుంది, రోల్స్ రాయిస్ బొమ్మ లోపలికి దిగిపోతుంది. అంతర్జాతీయ నిబంధనల్లో ఒక చిన్న అంకె ఉంది, బాడీ బయట మనిషికి తగిలే గట్టి అంచు గుండ్రదనం సాధారణంగా 2.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి తగ్గకూడదని. చూడ్డానికి చాలా చిన్నది అది. కానీ పాత కార్ల మీద కత్తిలాంటి గీతలు ఇప్పుడెందుకు లేవో ఆ అంకె చెబుతుంది.

మరి పల్చటి ముక్కు కావాలంటే దారి లేదా? ఉంది. 2005లో సిట్రోయెన్ సీ6 చూడండి. బంపర్‌లో సెన్సర్ ఉంటుంది, మనిషి తగిలాడని తెలియగానే, తల వచ్చి తగిలేలోపే, బానెట్ వెనక అంచు పైకి లేస్తుంది, కావలసిన ఖాళీ ఆ క్షణానికి పుడుతుంది. పాదచారుల పరీక్షలో అప్పుడున్న నాలుగు స్టార్లూ తెచ్చుకున్న మొదటి కారు అది. వోల్వో వాళ్లు 2012లో వీ40కి ముందు అద్దం అడుగున, బయటి వైపు, పాదచారి కోసం ఎయిర్‌బ్యాగ్ పెట్టారు. కారు బయట ఉన్న మనిషికి ఎయిర్‌బ్యాగ్! ఆలోచించండి, అది ఎంత పెద్ద అడుగో. ఖర్చెక్కువ కాబట్టి అన్ని కార్లలో రావు, చవక కారులో మామూలుగా చేసే పని బానెట్ లేపడమే.

బానెట్ లేస్తే అక్కడితో ఆగదు. డ్యాష్‌బోర్డు లేస్తుంది. డ్యాష్‌బోర్డుకి సమంగా తలుపుల మీది అద్దాల అడుగు గీత లేస్తుంది. పక్క నుంచి గుద్దితే ఆపడానికి తలుపులో దూలం, సీట్లో ఎయిర్‌బ్యాగ్, వీటి కోసం తలుపు మందమవుతుంది. అప్పుడు కారు పక్క నుంచి చూస్తే రేకు ఎక్కువ, అద్దం తక్కువ, బరువుగా కనిపిస్తుంది. ఆ బరువు కనిపించకుండా మేం ఏం చేస్తాం? చక్రాలు పెద్దవి చేస్తాం. తలుపుల మీద వంకర గీతలు గీస్తాం. మీకు ఇవాళ కార్ల పక్కల మీద అన్నేసి మడతలు ఎందుకని అనిపిస్తే, సగం ఇందుకే.

ఇక స్తంభాలు. నాకు అన్నిటికంటే బెంగగా ఉండేది వీటి గురించే.

ముందు అద్దానికి అటూ ఇటూ పైకప్పుని మోసే స్తంభాన్ని 'ఏ-పిల్లర్' (A-pillar) అంటాం. 1970ల కార్లలో అది సన్నటి కర్రలా ఉండేది. అమెరికాలో 1973 నుంచి పైకప్పు బలం పరీక్ష ఉంది, కారు బరువుకి ఒకటిన్నర రెట్లు ఒక పక్క నుంచి నొక్కినా కూలకూడదని. 2009లో దాన్ని మూడు రెట్లు చేశారు. మంచి పని, బోల్తాపడిన కార్లలో మనుషులు నలిగిపోకుండా ఉంటారు. స్తంభం లోపల తలకి తగిలే మెత్త, అంచు వెంట కర్టెన్ ఎయిర్‌బ్యాగ్, ఇవీ మంచివే. అన్నీ కలిపి స్తంభం లావైంది. లోపల ఉన్నవాళ్లకి కోట కట్టాం. బయట ఉన్నవాళ్లు ఆ కోట గోడ వెనక కనిపించకుండా పోయారు.

మీరు నెమ్మదిగా మలుపు తిరుగుతుంటే, రోడ్డు దాటే మనిషి తన నడకలో తాను నడుస్తుంటే, కొన్నిసార్లు మీ తిరుగుడూ అతని నడకా సరిగ్గా సరిపోయి ఆ మనిషి మొదటి నుంచి చివరి దాకా ఆ స్తంభం వెనకే ఉండిపోతాడు. రెండు మూడు సెకన్లు. మీరు చూస్తూనే ఉంటారు, మీ తప్పేమీ ఉండదు, కానీ కనిపించడు. మోటార్ సైకిల్ మీద వచ్చేవాళ్లకీ ఇంతే.

దీనికి మార్గాలు లేవా అంటే ఉన్నాయి. 2001లో వోల్వో వాళ్లు ఒక నమూనా కారులో ఆ స్తంభాన్ని జల్లెడలా చేసి, మధ్య ఖాళీల్లో పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టి చూపించారు. ఉక్కులో బోరాన్ కలిపి, ఎర్రగా కాల్చి, అచ్చులోనే నొక్కి చల్లారిస్తే చాలా గట్టిపడుతుంది, సన్నటి స్తంభం కూడా అదే బరువు మోస్తుంది. ఇప్పుడు చాలా కార్లలో ఆ ఉక్కు వాడుతున్నారు. కానీ వచ్చిన బలాన్ని స్తంభం సన్నం చేయడానికి వాడాలా, ఇంకాస్త వాలుగా స్టైల్‌గా గీయడానికి వాడాలా అన్నది డిజైనర్ చేతిలో ఉంటుంది, మేం చాలాసార్లు రెండోదే ఎంచుకున్నాం. ఇది చట్టం చేసింది కాదు, మా వృత్తి చేసింది. వెనక అద్దం సంగతీ అంతే. అది చిన్నదై, ఎత్తుగా వెళ్లిపోయి, వెనక ఆడుకునే పిల్లలు కనిపించడం మానేశారు. దాంతో అమెరికాలో 2018 మే నుంచి ప్రతి కొత్త కారుకీ వెనక కెమెరా తప్పనిసరి చేశారు.

కారు ఆకారం చూస్తే రూల్స్ ఎవరి ప్రాణం గురించి ఆలోచించాయో తెలుస్తుందని మొదట్లో అన్నది ఇందుకే. లోపల కూర్చున్నవాడి గురించి 1960ల నుంచి ఆలోచించాం. బయట నడిచేవాడి గురించి గట్టిగా ఆలోచించడం మొదలై ఎన్నేళ్లయింది? అది కూడా అన్నిచోట్లా లేదు. అమెరికాలో పాదచారి తల కోసం ఒక నిబంధనని 2024లో గానీ ప్రతిపాదించలేదు. అక్కడి పెద్ద పికప్‌ల ముక్కులు చూడండి, గోడలు. ఇన్సూరెన్స్ సంస్థల పరిశోధన విభాగం ఐఐహెచ్ఎస్ 2023లో చెప్పిందేమిటంటే, బానెట్ ముందు అంచు 40 అంగుళాల కంటే ఎత్తున్న వాహనం తగిలితే, 30 అంగుళాలు, అంతకంటే తక్కువ ఎత్తులో వాలుగా ఉన్న ముక్కుతో పోలిస్తే పాదచారి చనిపోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువ. బానెట్ కింద ఖాళీ కోసం కాస్త లేపడం వేరు, దర్పం కోసం గోడ కట్టడం వేరు. రెండూ ఎత్తే, కానీ రెండూ ఒకటి కావు. ఈ తేడా దయచేసి గమనించండి.

ఆకారాన్ని శాసించే రూల్ దగ్గరికి మళ్లీ వస్తానన్నాను కదా. మంచి రూల్ ఎలా ఉంటుందో కూడా చూద్దాం. యూరప్‌లో 2011 నుంచి కొత్త మోడళ్లకి పగలు వెలిగే లైట్లు తప్పనిసరి చేశారు. ఎంత వెలుగు, ఎంత ఎత్తు, ఎంత ఎడం, ఇవి చెప్పారు, గీత ఎలా ఉండాలో చెప్పలేదు. ఫలితం చూడండి, ప్రతి కంపెనీ ఆ ఎల్‌ఈడీ గీతతో తన సంతకం చేసుకుంది. అద్దంలో వెనక వచ్చే కారు ఎవరిదో పేరు చదవకుండా చెప్పగలుగుతున్నారు మీరు. కార్లన్నీ ఒకేలా ఉన్నాయన్నారే, మరి ఇదెలా వచ్చింది? మొన్నమొన్న యూరో ఎన్‌క్యాప్ ఇంకో మంచి పని చేసింది. 2026 నుంచి ఇండికేటర్, వైపర్, హారన్ లాంటివి తెర మీద కాకుండా చేతికి తగిలే స్విచ్‌లుగా ఉంటేనే పూర్తి మార్కులంది. చూపు రోడ్డు మీద ఉండాలి కదా. నున్నటి గాజు డ్యాష్‌బోర్డులు గీసే నా స్నేహితులకి అది నచ్చలేదు. నాకు నచ్చింది.

ఇంకా చెప్పాల్సినవి ఉన్నాయి గానీ టైమ్ అయిపోతోందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలకి ముందు ఒక చిన్న పని చెబుతాను, ఇవాళ ఇంటికెళ్లే ముందే చేయండి. ఆగి ఉన్న కారులో డ్రైవర్ సీట్లో కూర్చుని, తల కదపకుండా, మీ స్నేహితుణ్ని ఎదురుగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకి నెమ్మదిగా నడవమనండి. స్తంభం వెనక ఎన్ని అడుగులు మాయమయ్యాడో లెక్కపెట్టండి. తర్వాత ఒక పిల్లవాణ్ని బానెట్ ముందు నిలబెట్టి చూడండి, తల కనిపిస్తుందో లేదో. ఇంజన్ మాత్రం ఆపి ఉంచండి, తాళం మీ జేబులో పెట్టుకోండి.

అడగండి ఇప్పుడు. అదిగో, ఆ చివర చెయ్యెత్తిన అమ్మాయికి మైక్ ఇవ్వండి.